కనురెప్పల వాపుతో ఆరేళ్ళు: నా అనుభవం

నాది ప్రూఫులు దిద్దే పని. రోజుకు ఎనిమిది గంటలు తెర ముందే గడుస్తాయి. ఆరేళ్ళ క్రితం ఒక సాయంత్రం ఒక మాటలో ఉన్నది ‘ధ’నో ‘థ’నో తేల్చుకోలేకపోయాను. లోపలి చుక్క కనబడినట్టే కనబడి అలుక్కుపోతోంది. రెప్పలు గట్టిగా ఆర్పితే ఒక్క క్షణం తేటపడి మళ్ళీ మసకబారుతోంది. అద్దాల నంబరు పెరిగిందేమోనని పరీక్ష చేయించుకుంటే నంబరులో మార్పేమీ లేదన్నారు.

నిజానికి అంతకు చాలా ముందే రెప్పల్లో తేడా మొదలైంది. పొద్దున్నే లేస్తే కళ్ళు అంటుకుపోయి ఉండేవి. వేళ్ళు తడి చేసుకుని అంచులు తుడిస్తే రెప్ప వెంట్రుకల మొదళ్ళలో ఉప్పురవ్వలాంటి పొలుసులు చేతికి తగిలేవి. రోజంతా గరగర, నలక పడినట్టు. సాయంత్రానికి అంచులు ఎర్రబడి, లోపల మంట. విచిత్రమేమిటంటే కళ్ళు ఎండిపోయినట్టు ఉంటూనే నీళ్ళు కారేవి. ఆఫీసులో ఎవరు ఎదురుపడినా “రాత్రి నిద్రపోలేదా?” అని గానీ, “ఏడ్చావా?” అని గానీ అడిగేవాళ్ళు. ఒకావిడ కళ్ళకలక అనుకుని నా పక్క కుర్చీలోంచి లేచి దూరంగా కూర్చుంది. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదని అప్పటికి నాకే తెలియదు, ఆవిడకెలా చెబుతాను?

మొదటి ఏడాది వృథాగా పోయింది. నేనూ కలకే అనుకున్నాను. చుక్కల మందు వేసుకుంటే అయిదు రోజులు బాగుండేది, ఆరో రోజు మళ్ళీ మామూలే. ఒకసారి రాసిచ్చిన మందు వేసుకున్న రెండో రోజుకే ఎరుపంతా మాయమైంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ చీటీ దాచుకుని, ఎర్రబడినప్పుడల్లా అదే మందు కొనుక్కుని వేసుకున్నాను. అందులో స్టెరాయిడ్ ఉందన్న సంగతి సీసా మీద చదివినా, అంటే ఏమిటో పట్టించుకోలేదు. ఏడెనిమిది నెలల తర్వాత ఇంకో డాక్టరు దగ్గర కంటి ఒత్తిడి కొలిస్తే 25 వచ్చింది. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండాలి. స్టెరాయిడ్ చుక్కలు కొందరిలో ఒత్తిడి పెంచుతాయని, పట్టించుకోకుండా ఏళ్ళ తరబడి వాడితే గ్లకోమా (కంటి నరం దెబ్బతిని చూపు పోయే జబ్బు), శుక్లాలు రావచ్చని ఆవిడ చెబుతుంటే నా చేతులు చల్లబడ్డాయి. మందు ఆపాక కొన్ని వారాల్లో ఒత్తిడి దిగింది. ఆ మందు చెడ్డదని అనను. వాపు బాగా ముదిరినప్పుడు డాక్టరు కొద్ది రోజులకు రాస్తారు, మధ్యలో ఒత్తిడి చూస్తారు. పాత చీటీతో మన ఇష్టానికి వాడేది మాత్రం కాదు.

ఆ డాక్టరు గారే మొదటిసారి నా కంటిని కాకుండా రెప్పను చూశారు. గడ్డం ఆనించే ఆ పరికరం ముందు కూర్చోబెట్టి, పసుపు రంగు కాగితపు ముక్క కంటికి తాకించి, నీలం వెలుతురు వేశారు. “ఇప్పుడు రెప్ప వేయకుండా ఉండమ్మా” అని లెక్కపెట్టారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. “చాలు” అన్నారు. కన్నీటి పొర పది సెకన్ల దాకా చెదరకుండా ఉండాలట, నాది నాలుగు సెకన్లకే చిరిగిపోతోంది. ప్రతి రెప్పపాటుకూ నా అక్షరాలు ఎందుకు తేటపడి మసకబారుతున్నాయో ఆ క్షణంలో అర్థమైంది.

తర్వాత దూదిపుల్లతో కింది రెప్ప అంచును మెల్లగా నొక్కారు. అక్కడ కనిపించినదాన్ని తెర మీద నాకూ చూపించారు. వెంట్రుకల వరసకు కాస్త వెనకాల చిన్న చిన్న రంధ్రాల వరస ఉంది. వాటిలోంచి పలచని, తేటనూనె బొట్లు రావాలి. నా రెప్పలోంచి పచ్చటి ముద్ద, టూత్‌పేస్టు ట్యూబు నొక్కితే వచ్చినట్టు సన్నటి పోగులా బయటికొచ్చింది. కొన్ని రంధ్రాల్లోంచి అదీ రాలేదు. అవి మూసుకుపోయి ఉన్నాయి.

జబ్బు పేరు బ్లెఫరైటిస్ అన్నారు. రెప్పల అంచుల వాపు. నాకు వెంట్రుకల మొదళ్ళ దగ్గరా ఉంది, వెనకాల నూనె గ్రంథుల్లోనూ ఉంది. ఈ గ్రంథులు పై రెప్పలో 25 నుంచి 40 దాకా, కింది రెప్పలో 20 నుంచి 30 దాకా ఉంటాయి. హైన్రిష్ మైబోమ్ అనే జర్మన్ వైద్యుడు 1666లోనే వీటి గురించి రాశాడు, అందుకే వీటిని మైబోమియన్ గ్రంథులంటారు. మనం రెప్ప వేసినప్పుడల్లా ఇవి కాస్త నూనె వదులుతాయి. ఆ నూనె కన్నీటి మీద పొరలా పరుచుకుని అది ఆవిరి కాకుండా కాపాడుతుంది. నూనె గడ్డకడితే ఆ పొర ఉండదు, కన్నీరు ఇట్టే ఎండిపోతుంది. ఎండిన కంటికి చికాకు పుట్టి పలచటి నీళ్ళు కారుస్తుంది, కానీ ఆ నీళ్ళకు నిలకడ ఉండదు. ఏడుస్తున్నట్టున్న నా పొడికళ్ళ రహస్యం అదీ.

“మందు ఎన్నాళ్ళు వాడితే పోతుందండీ?” అని అడిగాను.

“పోదమ్మా. అదుపులో ఉంటుంది. చుండ్రు లాంటిదనుకో. పళ్ళు తోముకుంటాం కదా, అలా రెప్పలకూ రోజూ కొంత పని చేయాలి.”

ఆ మాట మింగుడుపడటానికి నాకు చాలా కాలం పట్టింది. ఇంటికొచ్చి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కాలో చెయ్యో విరిగినా ఇన్ని వారాలు అని చెబుతారు, దీనికి గడువే లేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ రోజు విన్న మాటల్లో నాకు బాగా ఉపయోగపడింది అదే. మొదటి ఏడాదే ఎవరైనా ఇలా చెప్పి ఉంటే నేను మందు వెనక మందు మార్చుకుంటూ తిరిగేదాన్ని కాదు.

ఇక ఆ రోజువారీ పని సంగతి. మూడు ముక్కల్లో చెప్పొచ్చు: కాపడం, మర్దన, శుభ్రం. కానీ చేయడంలో తప్పులు చేసి నేర్చుకున్నదే ఎక్కువ.

కాపడం అనగానే గుడ్డను వేడినీళ్ళలో ముంచి, పిండి, కళ్ళ మీద వేసుకుని పది నిమిషాలు పడుకునేదాన్ని. హాయిగానే ఉండేది గానీ మూడు నెలలైనా పెద్దగా గుణం కనిపించలేదు. డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న: “గుడ్డ ఎంతసేపు వేడిగా ఉంటోంది?” ఆ రాత్రి గడియారం పెట్టుకుని చూశాను. రెండు నిమిషాలకే గోరువెచ్చగా అయింది, నాలుగో నిమిషానికి చల్లటి తడిగుడ్డ. అంటే ఇన్నాళ్ళూ ఆరు నిమిషాలు కళ్ళ మీద చల్లగుడ్డ వేసుకుని పడుకున్నానన్నమాట. ఆరోగ్యంగా ఉన్న నూనె 28 నుంచి 32 డిగ్రీల దగ్గరే కరిగి ఉంటుందట. గడ్డకట్టినది కరగాలంటే ఇంకా వేడి కావాలి, రెప్ప మీద దాదాపు 40 డిగ్రీలు, అదీ అయిదు నుంచి పది నిమిషాలు నిలవాలి. అప్పటి నుంచి మైక్రోవేవ్‌లో వేడిచేసుకునే కంటి మాస్క్ వాడుతున్నాను. గుడ్డతోనే చేసేవాళ్ళు రెండు మూడు గుడ్డలు దగ్గర పెట్టుకుని, రెండేసి నిమిషాలకు ఒకటి మార్చుకుంటూ ఉంటే సరిపోతుంది. కాస్త ఓపిక కావాలి, అంతే.

వేడి ఎక్కువైతే కూడా ప్రమాదమే, రెప్ప చర్మం చాలా పలచన. ఒకసారి మాస్క్ మధ్యలో ఒకచోట మాత్రం బాగా వేడెక్కి ఉందని గమనించక వేసుకున్నాను. రెప్ప మీద రెండు రోజులు ఎర్రటి మచ్చ ఉండిపోయింది. ఇప్పుడు మాస్క్‌ను చేత్తో బాగా పిసికి, ముందు మణికట్టు లోపలి వైపు పెట్టుకుని చూసి, ఆ తర్వాతే కళ్ళ మీదికి.

మర్దన కాపడం తీసిన వెంటనే చేయాలి. ఆలస్యమైతే కరిగిన నూనె మళ్ళీ గడ్డకడుతుంది. పై రెప్పను పైనుంచి కిందికి, కింది రెప్పను కిందనుంచి పైకి, అంటే ఎటైనా వెంట్రుకల వైపుకే, వేలితో మెల్లగా జరపాలి. నేను మొదట్లో కసిగా నొక్కేదాన్ని, గట్టిగా నొక్కితే త్వరగా వస్తుందని. వేడి తగిలిన కంటిని గట్టిగా నలపకూడదు, కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక పొర, ఆకారానికే ముప్పు. డాక్టరు గారు నా వేలు పట్టుకుని నా చేతి మీద నొక్కి చూపించారు, ఎంత బరువు పెట్టాలో. పండిన టమాటాను కమిలిపోకుండా తాకినంత. మాటల్లో ఎన్నిసార్లు చదివినా అందనిది ఆ ఒక్క తాకిడితో అర్థమైంది.

ఆ తర్వాత శుభ్రం చేయడం. చాలా కాలం బేబీ షాంపూ చుక్క నీళ్ళలో కలిపి తుడిచాను, అప్పట్లో అందరికీ చెప్పే సలహా అదే. నాకు అది మంటపుట్టించి, రెప్పల చర్మాన్ని పొడిబార్చింది. కొందరికి ఇబ్బందేమీ ఉండదు. నేను మాత్రం కనురెప్పల కోసమే చేసిన తడి తుడుపుళ్ళకు మారాక హాయిగా ఉంది. కన్ను మూసుకుని వెంట్రుకల మొదళ్ళ వెంట అడ్డంగా, అటూ ఇటూ నాలుగైదు సార్లు. ఒక కంటికి వాడినది ఇంకో కంటికి వాడను. పొలుసులు గోటితో గీరడం మానేశాను, గీరితే కొన్ని వెంట్రుకలు కూడా ఊడొచ్చేవి.

ఇలా మూడు నెలలు పట్టుదలగా చేసేసరికి కళ్ళు తేటపడ్డాయి. నేను అన్నీ ఆపేశాను. బాగైపోయింది కదా అని. అయిదు వారాలకు పై రెప్పలో బఠాణీ గింజంత గడ్డ లేచింది. కురుపు అనుకున్నాను గానీ కురుపుకు ఉండే నొప్పి లేదు. మూసుకుపోయిన గ్రంథి ఉబ్బి గడ్డ కట్టడం అది, చలేజియన్ అంటారు. రోజుకు నాలుగుసార్లు కాపడం పెడితే రెండు నెలలకు కరిగింది. కరగకపోతే కోసి తీయాల్సి వచ్చేది. నాలాగా మధ్యలో ఆపేసినవాళ్ళు ఎంతమందో. ఎవరినీ తప్పుపట్టను, బాగున్న కళ్ళకు రోజూ కాపడం పెట్టుకోవడం మనసుకు సులభంగా ఎక్కే సంగతి కాదు.

మూడో ఏడాది వెంట్రుకల మొదళ్ళలో పొలుసులు కొత్త రకంగా కనిపించాయి. ఒక్కో వెంట్రుకకు మొదట్లో గొట్టంలా చుట్టుకుని, పారదర్శకంగా. దురద, ముఖ్యంగా తెల్లవారుజామున. డాక్టరు గారు చూసి డెమోడెక్స్ అన్నారు. వెంట్రుకల కుదుళ్ళలో ఉండే, మిల్లీమీటరులో సగం కూడా లేని పురుగులు. వయసు పెరిగేకొద్దీ చాలామంది చర్మంలో ఉండేవే, సంఖ్య మితిమీరితేనే చిక్కు. మురికిగా ఉంటే వచ్చేవి కావని ఆవిడ రెండుసార్లు చెప్పారు, నా మొహం చూసి కాబోలు. దీనికి టీ ట్రీ నూనె పనిచేస్తుందని ఎక్కడో చదివి, డాక్టరును అడగకుండా ఆ నూనె చుక్క నీళ్ళలో వేసి తుడుచుకున్నాను. నూనె నీళ్ళలో కలవదు కదా, నేరుగా రెప్పకు తగిలి కన్ను భగ్గుమంది. గంటసేపు నీళ్ళతో కడుగుతూనే ఉన్నాను. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. తగిన పాళ్ళలో తయారుచేసిన తుడుపుళ్ళు వేరే ఉంటాయి, అవి ఆరు వారాలు వాడాక దురద తగ్గింది. ఈ పురుగుల కోసమే లోటిలానర్ అనే చుక్కల మందుకు 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. నాకు దాని అవసరం రాలేదు.

మధ్యలో ఒకసారి వాపు బాగా ముదిరితే రెండు నెలలు తక్కువ మోతాదులో డాక్సీసైక్లిన్ మాత్రలు ఇచ్చారు. యాంటీబయాటిక్ అనగానే క్రిములను చంపడానికనుకున్నాను. ఇక్కడ ముఖ్యంగా వాపు తగ్గించి, నూనె తేటపడేలా చేయడానికి. గ్లాసు నిండా నీళ్ళతో వేసుకుని వెంటనే పడుకోకూడదు, ఎండలో తిరిగితే చర్మం కమిలిపోతుంది. గర్భిణులకూ, చిన్నపిల్లలకూ ఇవ్వరు.

చేప నూనె మాత్రలు కూడా ఏడాది మింగాను. తర్వాత తెలిసింది, 2018లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన డ్రీమ్ అనే పరిశోధనలో పొడికళ్ళవాళ్ళకు ఏడాది పాటు రోజుకు 3 గ్రాముల ఒమెగా-3 ఇచ్చి చూస్తే, ఆలివ్ నూనె ఇచ్చినవాళ్ళకంటే చెప్పుకోదగ్గ మేలేమీ కనబడలేదని. నాకూ తేడా తెలియలేదు, ఆపేశాను.

ఖర్చు లేకుండా మేలు చేసింది ఒకటుంది, రెప్ప వేయడం. మా ఆయన ఒకరోజు నేను పనిలో ఉండగా ఫోన్‌లో వీడియో తీశారు, నాకు తెలియకుండానే. ఇద్దరం కూర్చుని లెక్కపెట్టాం. మామూలుగా మనిషి నిమిషానికి దాదాపు 15 సార్లు రెప్ప వేస్తాడు. నేను 5 సార్లు వేశాను. అందులో మూడు సగంలోనే ఆగిపోయాయి, పై రెప్ప కింది రెప్పను తాకనే లేదు. రెండు రెప్పలూ కలిసి ఒత్తుకున్నప్పుడే గ్రంథుల్లోంచి నూనె బయటికొస్తుంది. రోజంతా ఎనిమిది గంటలు ఆ నూనెకు దారే ఇవ్వలేదు నేను. అప్పటి నుంచి ప్రతి పేరా చివర కళ్ళు పూర్తిగా మూసి, రెండు సెకన్లు ఆగి తెరుస్తాను. మొదట పని కుంటుపడింది. ఇప్పుడు వాక్యం చివర చుక్క కనబడితే రెప్పలు వాటంతటవే మూసుకుంటాయి. తెరను కంటి ఎత్తుకంటే కాస్త కిందికి దించాను, ఏసీ గాలి మొహాన కొట్టకుండా కుర్చీ తిప్పుకున్నాను. కృత్రిమ కన్నీటి చుక్కలు రోజుకు నాలుగుసార్లకు మించి వేసుకోవాల్సి వస్తే ప్రిజర్వేటివ్ లేనివే వాడమన్నారు, నిల్వ కోసం కలిపే రసాయనమే కంటిని ఇంకా రేపుతుంది కాబట్టి.

పోయిన ఏడాది పరారుణ కాంతితో రెప్పల లోపలి వైపు ఫోటో తీశారు. గ్రంథులు తెల్లటి నిలువు గీతల్లా, వరసగా పేర్చిన కొవ్వొత్తుల్లా కనిపించాయి. ఎడమ కన్ను కింది రెప్పలో ముక్కు వైపు మాత్రం నల్లగా ఖాళీ. అక్కడి గ్రంథులు కుంచించుకుపోయాయి. అలా పోయినవి మామూలుగా తిరిగి రావట. ఆ ఖాళీని చూసి చాలా బాధపడ్డాను. పోగొట్టుకున్న ఆ మొదటి ఏడాది అక్కడ కనిపించింది నాకు. ఉన్నవాటిని కాపాడుకుందాం అన్నారు డాక్టరు గారు. ఈసారి కన్నీటి పొర ఎంతసేపు నిలుస్తుందో లెక్కపెడితే ఎనిమిది సెకన్లు వచ్చింది.

ఇప్పుడు ఆ మూడు పనులూ బాగున్న రోజుల్లో రాత్రి ఒక్కసారి, రేగినప్పుడు పొద్దునా రాత్రీ చేస్తున్నాను. పని ఒత్తిడిలో నిద్ర తక్కువైన వారాల్లో తప్పకుండా రేగుతుంది. అప్పుడు టెన్షన్ పడటం మానేశాను, రెండు వారాల్లో దారికొస్తుందని తెలుసు. డాక్టరు గారు చెప్పిన కొన్ని గుర్తులు మాత్రం మనసులో పెట్టుకున్నాను. కంట్లో గట్టి నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు తగ్గి రెప్ప వేసినా తేటపడకపోవడం అయితే ఆ రోజే వెళ్ళాలి. ఒకే రెప్ప మందంగా అయి, వెంట్రుకలు రాలి, ఎన్నాళ్ళకూ మానకపోయినా, ఒకేచోట గడ్డ మళ్ళీ మళ్ళీ లేచినా తప్పక చూపించాలి, అరుదుగా అది క్యాన్సర్ కావచ్చు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం అమ్మ. ఆవిడకు శుక్లం ఆపరేషన్ తేదీ ఖాయమయ్యాక, చివరి పరీక్షలో రెప్పల వాపు ఉందని వాయిదా వేశారు. రెప్పల అంచుల్లోని క్రిములు ఆపరేషన్ సమయంలో కంట్లోకి చేరితే చూపుకే ప్రమాదం. పైగా కన్నీటి పొర చెదురుతుంటే లోపల పెట్టే లెన్స్ కొలత కూడా తప్పు వస్తుంది. “కన్ను కోస్తామంటే సరేనన్నాను, ఇప్పుడు రెప్పలు కడుక్కుని రమ్మంటారేమిటే” అని అమ్మ విసుక్కుంది. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆవిడ వేలు పట్టుకుని ఆవిడ చేతి మీదే నొక్కి చూపించాను, ఎంత బరువు పెట్టాలో.

నాలుగు వారాలైంది. మొన్న మళ్ళీ కొలతలు తీశారు, ఈసారి రెండుసార్లూ ఒకే అంకె వచ్చింది. వచ్చే నెల మొదటి వారంలో ఆపరేషన్. రాత్రి తొమ్మిదిన్నరకు ఇద్దరం ఎవరి మాస్క్ వాళ్ళు వేడి చేసుకుంటాం. అమ్మ తనదాన్ని మణికట్టు మీద పెట్టుకుని చూసి, “ఇంకో పది సెకన్లు పెట్టవే” అంటుంది.